సొంత కోర్టు, సొంత జనం: చప్పట్లు నిజంగా గెలిపిస్తాయా?



ఇంటర్ స్కూల్ ఆటల పోటీలు మొదలయ్యే రోజులివి. బాస్కెట్‌బాల్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్... మీ ఇంట్లోనూ పొద్దున్నే స్పోర్ట్స్ షూస్ వెతుక్కునే పిల్లలు ఉండే ఉంటారు. ఏటా ఈ సమయంలో తల్లిదండ్రుల నుంచి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "మేం వచ్చి కూర్చుంటే బాబు టెన్షన్ పడతాడేమో, రావచ్చా?" అని కొందరు అడుగుతారు. "నాకు ఆ రోజు డ్యూటీ ఉంది. నేను లేకపోతే పాప డల్ అయిపోతుందేమో" అని మరికొందరు బాధపడతారు.

రెండు మాటల వెనుకా ఉన్న సందేహం ఒక్కటే. చూసేవాళ్లు ఉంటే ఆడేవాళ్ల ఆట మారుతుందా? మారితే, మంచికా, చెడుకా?

ఊహతో జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదిది. దీనిమీద నూరేళ్లకు పైగా ప్రయోగాలు జరిగాయి. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో అయితే వేల మ్యాచ్‌ల లెక్కలు ఉన్నాయి. ఈ నెల పాఠంలో వాటిని చూద్దాం. హైస్కూల్ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాళ్లు క్లాసులో నేర్చుకుంటున్న శాతాలు, సైన్స్ ప్రయోగ పద్ధతి ఇక్కడ నేరుగా పనికొస్తాయి.

సొంత మైదానం బలం అంటే ఏమిటి?

అమెరికాలో జరిగే ఎన్‌బీఏ ప్రపంచంలోనే పేరున్న బాస్కెట్‌బాల్ లీగ్. అందులో 30 జట్లు ఉన్నాయి. మామూలు సీజన్‌లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో 41 సొంత ఊళ్లో, 41 బయటి ఊళ్లలో. అంటే ప్రతి జట్టూ రెండు చోట్లా సమానంగానే ఆడుతుంది. సొంత కోర్టు వల్ల ఏ లాభమూ లేకపోతే, లీగ్ మొత్తం మీద సొంత ఊరి జట్టు గెలిచే మ్యాచ్‌లు సగానికి సగం ఉండాలి.

కానీ అలా లేదు. దశాబ్దాల లెక్క చూస్తే ప్రతి 10 మ్యాచ్‌లలో సుమారు 6 సొంత ఊరి జట్టే గెలిచింది. 1980లలో ఇది 65 శాతం దాకా ఉండేది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి, ఇటీవలి సీజన్లలో 55 శాతం దగ్గర తిరుగుతోంది. సగం కంటే ఎక్కువగా ఉన్న ఈ తేడానే సొంత మైదానం బలం అంటారు. క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో, హాకీలో, అన్నింటా ఇది ఎంతోకొంత ఉంది.

"ఇందులో ఆశ్చర్యం ఏముంది? మన జనం అరుస్తుంటే మనవాళ్లకు ఊపు రాదా!" అని మీరు అనవచ్చు. అక్కడే ఆగి ఆలోచించాలి. సొంత ఊళ్లో ఆడే జట్టుకు జనం ఒక్కటే కాదు, ఇంకా చాలా కలిసొస్తాయి.

- ప్రయాణం లేదు. ముందు రాత్రి సొంత మంచం మీద నిద్రపోయారు.
- కోర్టు అలవాటైనది. నేల ఎలా ఉంటుందో, బంతి ఎంత ఎగురుతుందో, వెలుతురు ఎటునుంచి పడుతుందో తెలుసు.
- వాతావరణం అలవాటైనది. అమెరికాలో డెన్వర్ నగరం సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి వచ్చే జట్లు పలచటి గాలిలో పరుగెత్తాలి.
- రిఫరీ. జనం హోరు మధ్య విజిల్ వేసే మనిషి కూడా మనిషే.

మన అనంతపురానికే వద్దాం. జూన్, జులైలలో ఈ పీఠభూమి మీద వీచే గాలి సంగతి మీకు తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆరుబయట కోర్టులో బాస్కెట్‌బాల్ ఆడే మన పిల్లలకు ఏ సమయంలో గాలి ఎటు తోస్తుందో, బంతిని ఎంత లోపలికి వేయాలో చేతికి తెలుసు. ఇండోర్ కోర్టులో ప్రాక్టీస్ చేసి వచ్చిన జట్టుకు అది తెలియదు. ఆ రోజు గ్యాలరీలో ఒక్కరూ లేకపోయినా ఈ లాభం మన పిల్లలకు ఉంటుంది. మరి గెలిచాక "జనం గెలిపించారు" అనడం ఎంతవరకు నిజం?

వేరుశనగ చేను నేర్పే పాఠం

ఒక రైతు ఈ ఏడు కొత్త విత్తనం వేశాడు, ఎరువు మార్చాడు, వానలూ బాగా పడ్డాయి. దిగుబడి పెరిగింది. దేనివల్ల పెరిగింది? చెప్పలేం, ఎందుకంటే మూడూ ఒకేసారి మారాయి. కారణం తేలాలంటే ఒకే చేనులో, ఒకే నేలలో, ఒకే వానకు, ఒక సాలులో పాత విత్తనం, పక్క సాలులో కొత్త విత్తనం వేసి చూడాలి. ఒక్కటి మాత్రమే మార్చాలి, మిగిలినవన్నీ అలాగే ఉంచాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వానపడే మన జిల్లాలో ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాన చేసిన మేలును విత్తనం ఖాతాలో రాసుకుంటే, వచ్చే ఏడు అప్పు మిగులుతుంది.

సొంత మైదానం విషయంలో శాస్త్రవేత్తలకు ఎదురైన చిక్కు ఇదే. సొంత ఊరు అంటే జనం, అలవాటైన కోర్టు, ప్రయాణం లేకపోవడం, అన్నీ కలిసే వస్తాయి. జనాన్ని మాత్రం తీసేసి మిగిలినవన్నీ ఉంచి చూడటం ఎలా? లీగ్ వాళ్లు టికెట్లు అమ్మడం మానేసి ఒక సీజన్ మొత్తం ఖాళీ కుర్చీల ముందు ఆడిస్తారా?

2020లో సరిగ్గా అదే జరిగింది.

ఎవరూ కోరుకోని ప్రయోగం

కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఎన్‌బీఏ ఆగిపోయింది. జులై చివర మళ్లీ మొదలైనప్పుడు 22 జట్లను ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో ఒకేచోట ఉంచి ఆడించారు. దాన్ని అందరూ 'బబుల్' అన్నారు. గ్యాలరీలో జనం లేరు. పెద్ద తెరల మీద ఇళ్ల నుంచి చూస్తున్న అభిమానుల ముఖాలు వేశారు, రికార్డు చేసిన కేకలు వినిపించారు. పేపరు మీద ఒక జట్టును సొంత జట్టు అని రాసుకున్నా, నిజానికి ఎవరికీ అది సొంత ఊరు కాదు. అక్టోబరులో లాస్ ఏంజెలెస్ లేకర్స్ టైటిల్ గెలిచింది.

అసలు పాఠం తర్వాతి సీజన్‌ది. 2020 డిసెంబరులో మొదలైన ఆ సీజన్‌లో జట్లు మళ్లీ సొంత ఊళ్లలో ఆడాయి. కానీ కొన్ని నగరాల్లో ప్రేక్షకులను రానిచ్చారు, అదీ పరిమితంగా. కొన్ని నగరాల్లో అసలు రానివ్వలేదు. అంటే అదే లీగ్, అదే ఏడాది, అవే ప్రయాణాలు, అవే కోర్టులు, జనం మాత్రం కొన్నిచోట్ల ఉన్నారు, కొన్నిచోట్ల లేరు. వేరుశనగ చేనులో పక్కపక్క సాళ్లు వేసినట్టే. ఇలా ఎవరూ ప్లాన్ చేయకుండా పరిస్థితులే చేసిపెట్టిన ప్రయోగాన్ని సహజ ప్రయోగం అంటారు.

ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకులు ఆ సీజన్‌లోని 1,080 మ్యాచ్‌లనూ లెక్కించారు. ఫలితం ఇది:

- జనం ఉన్న మ్యాచ్‌లలో సొంత జట్టు గెలుపు: సుమారు 58.7 శాతం
- జనం లేని మ్యాచ్‌లలో సొంత జట్టు గెలుపు: సుమారు 50.6 శాతం

రెండో అంకెను చూడండి. జనం లేకపోతే సొంత కోర్టు బలం దాదాపు మాయమైంది. నాణెం ఎగరేసినట్టే, సగం సగం. తేడా 8 శాతం. చిన్నదిగా కనిపిస్తుందా? 41 సొంత మ్యాచ్‌లకు లెక్క వేస్తే మూడుకు పైగా అదనపు గెలుపులు. సీజన్ చివర తర్వాతి దశకు వెళ్లే జట్టుకు, ఇంటికి వెళ్లే జట్టుకు మధ్య చాలాసార్లు ఉండేది అంత తేడానే.

ఫుట్‌బాల్‌లోనూ ఇదే కనిపించింది. జర్మనీలో బుండెస్‌లీగా 2020 మే 16న ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలైంది. అంతకుముందు సొంత జట్లు 43 శాతం దాకా మ్యాచ్‌లు గెలుస్తుండగా, ఖాళీ స్టేడియాల్లో అది మూడో వంతుకు పడిపోయింది.

ఇక్కడ పిల్లలకు ఒక జాగ్రత్త నేర్పండి. కెనడాకు చెందిన టొరంటో రాప్టర్స్ 2019–20లో 53 గెలుపులు, 19 ఓటములతో సీజన్ ముగించింది. సరిహద్దు ఆంక్షల వల్ల మరుసటి సీజన్‌లో తమ 'సొంత' మ్యాచ్‌లను ఎక్కడో ఫ్లోరిడాలోని టాంపాలో ఆడాల్సి వచ్చింది. ఆ సీజన్‌లో 27 గెలుపులు, 45 ఓటములు. "సొంత జనం లేక ఓడిపోయారు" అని వెంటనే అనాలనిపిస్తుంది. కానీ అదే సమయంలో ఇద్దరు ముఖ్యమైన ఆటగాళ్లు జట్టును వదిలి వెళ్లారు. విత్తనమూ మారింది, వానా మారింది. ఒక్క జట్టు కథ చూసి కారణం తేల్చకూడదు. 1,080 మ్యాచ్‌ల లెక్కకు విలువ అందుకే.

జనం ఎక్కడ పనిచేస్తారు, ఎక్కడ పనిచేయరు?

జనం ఉంటే ఆటలో ఏది మారుతుంది? గురి పెరుగుతుందా? బలం పెరుగుతుందా?

బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో చూసే ఉంటారు. ఫౌల్ జరిగినప్పుడు ఆటగాడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి బంతి వేస్తాడు. ఎవరూ అడ్డురారు. బోర్డు వెనుక కూర్చున్న సొంత ఊరి అభిమానులు మాత్రం చేతులు ఊపుతూ, అరుస్తూ, అతని చూపు చెదరగొట్టాలని చూస్తారు. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులైతే 2013 నుంచి ఏకంగా ఒక నల్లటి తెర కట్టి, సరిగ్గా బంతి వేసే సమయానికి తెర తీసి వింత వేషాలతో కనిపిస్తారు. చూడటానికి సరదాయే. కానీ ఎన్‌బీఏలో రెండు దశాబ్దాల ఫ్రీ త్రోలు లెక్కిస్తే, సొంత ఆటగాళ్ల గురి, బయటి ఆటగాళ్ల గురి రెండూ ఒక్కటే, దాదాపు 76 శాతం. వేలసార్లు చేసి చేతికి పట్టుబడిన పనిని జనం కేకలు అంత తేలిగ్గా చెడగొట్టలేవు, బాగుచేయనూ లేవు.

మరి మారేది ఏది? పైన చెప్పిన 1,080 మ్యాచ్‌ల పరిశోధనలో జనం ఉన్నప్పుడు సొంత జట్టు రీబౌండ్లు ఎక్కువ పట్టింది. రీబౌండ్ అంటే గురితప్పి బోర్డుకు తగిలి వెనక్కి వచ్చే బంతిని అందుకోవడం. అందులో నైపుణ్యం కంటే ఎగబడే గుణం ముఖ్యం. అలసిపోయినా ఇంకోసారి ఎగరాలి, మోచేతుల మధ్యలోకి దూరాలి. అంటే జనం గురిని పెంచరు, శ్రమను పెంచుతారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

రెండోది రిఫరీ. ఇంగ్లండ్‌లో 2002లో ఒక ప్రయోగం ప్రచురించారు. అర్హత ఉన్న 40 మంది రిఫరీలకు ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లోని 47 ఘటనల వీడియో చూపించి, ఏది ఫౌలో చెప్పమన్నారు. సగంమందికి స్టేడియం హోరుతో చూపించారు, సగంమందికి శబ్దం తీసేసి చూపించారు. హోరు విన్నవాళ్లు సొంత జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు సుమారు 15 శాతం తగ్గాయి. వాళ్లేమీ లంచం తీసుకోలేదు. కావాలని పక్షపాతం చూపలేదు. అటో ఇటో తేలని క్షణంలో చెవిన పడిన కేక మనసును కొంచెం ఒకవైపు వంచింది, అంతే.

క్రికెట్ ఈ సమస్యను ముందే గమనించింది. ఒకప్పుడు టెస్టులకు ఆతిథ్య దేశం అంపైర్లే ఉండేవారు. 1994 నుంచి ఒకరు, 2002 నుంచి ఇద్దరూ తటస్థ దేశాల అంపైర్లు ఉండాలని నియమం పెట్టారు. ఆ తర్వాత టెస్టుల్లో ఎల్‌బీడబ్ల్యూ నిర్ణయాలను లెక్కించినవారికి, ఆతిథ్య జట్టు వైపున్న మొగ్గు తటస్థ అంపైర్లతో పోయినట్టు కనిపించింది. ఎన్‌బీఏ కూడా 2015 నుంచి హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌లలో చివరి రెండు నిమిషాల రిఫరీ నిర్ణయాలను పరిశీలించి, ఏది సరైనదో ఏది తప్పో ప్రచురిస్తోంది.

అదే జనం, అదే కేక: కొందరికి బరువు

1960లలో రాబర్ట్ జైయాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పారు. పక్కన ఎవరైనా చూస్తుంటే ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది. ఆ ఉద్రేకం బాగా వచ్చిన పనిని ఇంకా బాగా చేయిస్తుంది. సరిగా రాని పనిని ఇంకా పాడుచేస్తుంది. ఆయన బృందం 1969లో దీన్ని బొద్దింకల మీద పరీక్షించింది. మీరు చదివింది నిజమే, బొద్దింకలే! తిన్నటి దారిలో పరుగెత్తే బొద్దింక, పక్కన తోటి బొద్దింకలు ఉంటే ఇంకా వేగంగా పరుగెత్తింది. మలుపులున్న దారిలో పెడితే, చూసేవి ఉన్నప్పుడు ఇంకా ఆలస్యం చేసింది. ఈ భాగం చదివి వినిపిస్తే చిన్న క్లాసుల పిల్లలు కూడా మరచిపోరు.

మనుషుల్లోనూ అంతే. 1982లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బిలియర్డ్స్ బల్ల దగ్గర పూల్ ఆడేవాళ్ల పక్కకు నలుగురు వచ్చి నిలబడి చూశారు. బాగా ఆడేవాళ్ల గురి 71 శాతం నుంచి 80కి పెరిగింది. అంతంతమాత్రంగా ఆడేవాళ్ల గురి 36 నుంచి 25కి పడిపోయింది. చూసినవాళ్లు వాళ్లే, బల్ల అదే. మారింది ఆడేవాడి సాధన.

ఇంకొక ప్రయోగం తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. 1998లో ప్రచురించిన ఆ పరిశోధనలో, కష్టమైన పనులను కొందరు తమ మేలు కోరే ప్రేక్షకుల ముందు చేశారు. మనవాళ్లు చూస్తుంటే టెన్షన్ తక్కువగా ఉందనీ, అది తమకు సాయపడిందనీ వాళ్లు అనుకున్నారు. కానీ ఫలితాలు చూస్తే వాళ్లు మరీ జాగ్రత్తగా, నెమ్మదిగా చేశారు, అయినా తప్పులు తగ్గలేదు. మనవాళ్ల ముందు తప్పు చేయకూడదన్న ఆరాటమే కాళ్లకు అడ్డం పడింది.

పెద్ద ఆటల్లోనూ జనం గెలుపుకు హామీ ఇవ్వరు. పురుషుల క్రికెట్ ప్రపంచ కప్‌ను 2011లో భారత్, 2015లో ఆస్ట్రేలియా, 2019లో ఇంగ్లండ్ సొంత గడ్డ మీదే గెలిచాయి. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో 90 వేల మందికి పైగా జనం ముందు భారత్ ఫైనల్ ఆడి ఓడిపోయింది. ముందు రోజు ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్ అంత పెద్ద జనాన్ని మౌనంగా కూర్చోబెట్టడం కంటే తృప్తి ఉండదని చెప్పి, అన్నంత పనీ చేశాడు.

మన తెలుగు టైటాన్స్ సంగతి కూడా చూడండి. 2021–22 ప్రో కబడ్డీ సీజన్ మొత్తం బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా జరిగింది. టైటాన్స్ 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. 2023–24లో లీగ్ మళ్లీ ఊరూరా తిరిగింది, హైదరాబాద్‌కూ వచ్చింది. సొంత జనం వచ్చి అరిచారు. ఆ సీజన్ మొత్తం గెలుపులు రెండు. జనం ఇచ్చేది తూకంలో చివరి గింజ మాత్రమే. బస్తా నింపాల్సింది ప్రాక్టీసే.

అనంతపురం గ్యాలరీలో చూసినది

2024 సెప్టెంబరులో దేశం చూపు మన ఊరి మీద పడింది. దులీప్ ట్రోఫీలోని ఆరు మ్యాచ్‌లలో ఐదు అనంతపురంలోనే జరిగాయి. ఆడినవి ఇండియా ఎ, బి, సి, డి జట్లు. వాటిలో ఏదీ అనంతపురం జట్టు కాదు, అందరికీ ఇది తటస్థ మైదానమే. అయినా జనం వెళ్లారు, మంచి షాట్ ఎవరు కొట్టినా చప్పట్లు కొట్టారు.

ఆంధ్ర రంజీ ఆటగాడు రికీ భుయ్ ఇండియా డి తరఫున ఆడాడు. తెలుగు జనానికి అతను సొంతవాడే. ఇండియా ఎ మీద రెండో ఇన్నింగ్స్‌లో 113 పరుగులు చేశాడు. అయినా జట్టు 186 పరుగుల తేడాతో ఓడింది. ఆ తర్వాత మన ఊళ్లోనే ఇండియా బి మీద 119 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. ఈసారి జట్టు 257 పరుగులతో గెలిచింది. జనం వాళ్లే, ఊరు అదే, సెంచరీ రెండుసార్లూ వచ్చింది. ఫలితం మాత్రం పదకొండుమంది చేతిలో ఉంది. ఓడిన మ్యాచ్‌లో కొట్టిన సెంచరీకి కూడా చప్పట్లు కొట్టే గ్యాలరీ మన ఊరికి ఉంది. స్కూల్ మ్యాచ్‌లలోనూ మనకు కావాల్సింది అలాంటి గ్యాలరీయే.

మీరు గ్యాలరీలో ఉన్నప్పుడు

ఇప్పటిదాకా చూసిన లెక్కలన్నీ కలిపితే తల్లిదండ్రులకు పనికొచ్చే విషయాలు ఇవి:

- శ్రమకు చప్పట్లు కొట్టండి. జనం పెంచగలిగేది శ్రమనే. బంతి పడినప్పుడే కాదు, పిల్లవాడు పడిపోయి లేచి పరుగెత్తినప్పుడు, బంతి కోసం ఎగబడినప్పుడు చప్పట్లు వినిపించాలి.
- బయటినుంచి కోచింగ్ వద్దు. "అటు పాస్ ఇవ్వు, ఇప్పుడు షూట్ చెయ్యి" అని అరవకండి. ఆ క్షణంలో కోచ్ చెప్పింది ఒకటి, నాన్న చెప్పింది ఒకటి అయితే పిల్లవాడికి తిన్నటి దారి కూడా మలుపుల దారి అవుతుంది.
- కొత్తగా నేర్చుకుంటున్నవారికి కొంచెం దూరం ఇవ్వండి. ఈ ఏడే జట్టులోకి వచ్చిన చిన్నారి మొదటి మ్యాచ్‌కు చుట్టాలందరినీ తీసుకురాకండి. మీరు వచ్చినా కోర్టు అంచున కాకుండా వెనుక వరుసలో కూర్చోండి. చేయి తిరిగాక, బాబుకు లేదా పాపకు ఇష్టమైతే, అందరినీ పిలవండి.
- ఫ్రీ త్రో వేసేటప్పుడు అవతలి స్కూల్ పిల్లలను గేలి చేయకండి. దానివల్ల గురి తప్పదని లెక్కలే చెబుతున్నాయి. తప్పేది మన మర్యాద ఒక్కటే.
- రిఫరీ మీద కేకలు వేయకండి. స్కూల్ మ్యాచ్‌లో విజిల్ వేసేది తటస్థ దేశపు అంపైర్ కాదు, మన పీఈటీ సారో, పక్క స్కూల్ మేడమో. రీప్లే లేదు. మీ కేక ఆయన నిర్ణయాన్ని వంచవచ్చు, అంటే అవతలి పిల్లలకు అన్యాయం జరగవచ్చు. అలా వచ్చిన గెలుపు మీ పిల్లవాడి గెలుపు కాదు.
- "నువ్వు గెలవాలి, అమ్మమ్మ వాళ్లు కూడా వచ్చారు" అనకండి. మేలు కోరే మనుషుల ముందు తప్పు చేయకూడదన్న ఆరాటమే బరువు అవుతుందని చూశాం కదా.

రాలేని తల్లిదండ్రులకు ఒక మాట. పొలం పనులుంటాయి, షిఫ్ట్ డ్యూటీలుంటాయి, కొందరు బెంగళూరులో, గల్ఫ్‌లో ఉద్యోగాల్లో ఉంటారు. మన హాస్టల్ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు వారం మధ్యలో రాలేరు. దాన్ని నేరంగా అనుకోకండి. ఫ్రీ త్రో గీత దగ్గర పనికొచ్చేది సాధన. అది మీరు లేని సాయంత్రాల్లోనే జరిగింది. తోటి పిల్లలు, టీచర్లు కూడా జనమే. మ్యాచ్ రోజు రాత్రి ఫోన్లో "గెలిచారా?" అనే ముందు "ఎలా ఆడావు? ఏది బాగా కుదిరింది? ఏది ఇంకా ప్రాక్టీస్ చేయాలి?" అని అడగండి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు వినే ఐదు నిమిషాలు చాలు.

ఆటకే కాదు, చదువుకూ ఇదే సూత్రం. బాగా వచ్చిన పద్యాన్ని చుట్టాల ముందు అప్పజెప్పమంటే పిల్లలు మెరిసిపోతారు. ఇంకా అర్థంకాని లెక్కను పక్కన నిలబడి "చెయ్యి, చూస్తున్నా" అంటే వచ్చింది కూడా మరచిపోతారు. కొత్త పాఠం దగ్గర పిల్లలను కాసేపు ఒంటరిగా తప్పులు చేయనివ్వండి. వచ్చాక వినండి, మెచ్చుకోండి.

ఇంట్లో చేసి చూడండి

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక చిన్న ప్రయోగం చేయండి. కావాల్సినవి ఒక బకెట్, ఒక టెన్నిస్ బంతి, ఒక నోటుబుక్, ఒక రూపాయి బిళ్ల.

1. బకెట్‌ను పది అడుగుల దూరంలో పెట్టండి. పిల్లవాడు 20 సార్లు ఒంటరిగా, 20 సార్లు ఇంట్లోవాళ్లు మౌనంగా చూస్తుండగా, 20 సార్లు అందరూ చప్పట్లు కొడుతుండగా బంతి వేయాలి.
2. ఒంటరిగా వేసేటప్పుడు లెక్క కూడా పిల్లవాడే రాసుకోవాలి. మీరు తొంగిచూస్తే ప్రయోగం పోయినట్టే.
3. ఏది ముందు, ఏది తర్వాత అన్నది బిళ్ల ఎగరేసి నిర్ణయించండి. ఎప్పుడూ చప్పట్లే చివర పెడితే, తేడా చప్పట్లదో అలసటదో, అలవాటుదో తేలదు.
4. ప్రతి విడతకూ శాతం కట్టించండి. 20లో 13 పడితే 65 శాతం.
5. మరుసటి రోజు ఎడమ చేత్తో (ఎడమచేతివాటం పిల్లలైతే కుడి చేత్తో) ఇదే మళ్లీ చేయించండి. రాని చేతి మీద చప్పట్లు ఎలా పనిచేశాయో పోల్చండి.

20 సార్లలో ఒకటి రెండు బంతుల తేడా వస్తే దాన్ని ఫలితం అనకండి. అది అదృష్టం కూడా కావచ్చు. నాలుగైదు ఆదివారాలు చేసి మొత్తం కలిపితేనే ఏదైనా చెప్పగలం. పది మంది స్నేహితులు చేసి లెక్కలు కలిపితే ఇంకా మంచిది. 8, 9 తరగతుల పిల్లలు దీన్ని సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుగా కూడా చేయవచ్చు. ఏ ఒక్కటి మార్చారు, ఏవి మార్చకుండా ఉంచారు అన్నది చార్టు మీద ముందుగా రాయమనండి.

పెద్దలు కూడా ఒక విడత బంతి వేయండి. పిల్లలు చుట్టూ చేరి అరుస్తుంటే బకెట్ ఎంత చిన్నదిగా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది.